మాట్లాడితే డిబార్!

డిగ్రీ మూడో సెమిస్టరు. కన్వర్సేషనల్ స్కిల్స్ పరీక్ష. గంభీరంగా అంటే సంభాషణా నైపుణ్యాలు. మామూలుగా అంటే నోరు తెరిచి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడే విద్య. తిరుపతి దాపున ఒక కాలేజీ. పేరెందుకు లెండి, ఏ కాలేజీ అయినా ఒకటే. ఇన్విజిలేటర్ వచ్చాడు. పేపర్లు పంచాడు. చూపుడువేలు పైకెత్తాడు. ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"మాట్లాడితే డిబార్!"

నలభై నోళ్లు టక్కున మూతపడ్డాయి. మూడు గంటలపాటు చీమ చిటుక్కుమనలేదు. తర్వాత ఫలితాలొచ్చాయి. పిల్లకాయలందరికీ మాట్లాడటం వచ్చేసిందని మార్కుల జాబితా ధ్రువీకరించింది. సంతకం, ముద్ర, అంతా సవ్యంగానే ఉంది. నోళ్లు మాత్రం అట్నే మూసుకుని ఉన్నాయి.

నవ్వొస్తోందా? ఈతకు రాత పరీక్ష పెడితే నవ్వుతాం. డోలు వాయించే విధానాన్ని సోదాహరణంగా వివరింపుము, పది మార్కులు అంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. మరి మాటకు రాత పరీక్ష పెడితే ఎవరూ నవ్వరేం? పైగా ఫీజు కట్టి, హాల్ టికెట్ తీసుకుని, గుడికెళ్లి పెన్నుకు పూజ చేయించుకుని మరీ వెళ్తాం. పూజ చేయించాల్సింది పెన్నుకా, నాలుకకా?

ఈ ముచ్చట ఊరికే పుట్టలేదు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి వారు 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను సవరించారు. ఇంగ్లీషు పాతబడింది, చాసర్లూ షేక్‌స్పియర్లూ చాలు, పిల్లలకు ఉద్యోగానికి పనికొచ్చే భాష కావాలన్నారు. మంచి మాటే. మొదటి సెమిస్టరులో కమ్యూనికేషన్, సాఫ్ట్ స్కిల్స్. రెండో సెమిస్టరులో చదవడం, రాయడం. మూడో సెమిస్టరులో సంభాషణ. ఒబామా ప్రసంగం పెట్టారు. అబ్దుల్ కలాం ఇంటర్వ్యూ పెట్టారు. పలకరింపులు, పరిచయాలు, అభ్యర్థనలు, డైలాగులు. కాగితం మీద చూస్తే కళ్లు చెమరుస్తాయి. ముహూర్తం కూడా బ్రహ్మాండంగా కుదిరింది. అది కరోనా ఏడాది. మాట్లాడటం నేర్పే చదువు మొదలయ్యేసరికే మూతికి మాస్కు పడింది. పాఠం ఆన్‌లైన్‌కి ఎక్కింది. అందులో పిల్లలు ఎక్కువసార్లు విన్న ఇంగ్లీషు వాక్యం ఏది? "ప్లీజ్ మ్యూట్ యువర్‌సెల్ఫ్."

మాస్కులు పోయాయి. మ్యూట్ మాత్రం పోలేదు.

ఎందుకు పోలేదో తెలియాలంటే పరీక్షకు రెండు రోజుల ముందు ఏ హాస్టల్ మిద్దె మీదికైనా వెళ్లండి. చేతిలో గైడు. నోట్లో డైలాగు. "రైల్వే బుకింగ్ క్లర్కుకూ ప్రయాణికుడికీ మధ్య సంభాషణ రాయండి." ఇది పోయినసారి వచ్చింది. ఈసారి బ్యాంకు మేనేజరూ ఖాతాదారూ రావచ్చునని సీనియర్ల జోస్యం. పిల్లవాడు రెండూ బట్టీ కొడుతున్నాడు. క్లర్కూ వాడే, ప్రయాణికుడూ వాడే. గుడ్ మార్నింగ్ చెప్పేదీ వాడే, వెరీ గుడ్ మార్నింగ్ అని బదులిచ్చేదీ వాడే. సంభాషణంటే ఇద్దరు మనుషులుండాలి కదా? ఇక్కడ ఒక్కడే. అటూ ఇటూ తనే మాట్లాడుకునేవాణ్ణి వీధిలో చూస్తే పక్కకు తప్పుకుంటాం. పరీక్ష హాల్లో చూస్తే పదికి ఎనిమిది వేస్తాం.

సుప్రభాతం వల్లె వేసినట్టే వేస్తున్నాడు. కాకపోతే అది వింటే స్వామివారైనా లేస్తారు. ఇది వింటే పక్కమంచం వాడు కూడా లేవడు.

పోనీ, ఆ డైలాగులో ఉన్నదేమిటి? గైడులోని రైల్వే క్లర్కు లేచి నిలబడినంత పని చేస్తాడు. "గుడ్ మార్నింగ్ సర్, హౌ కెన్ ఐ హెల్ప్ యూ?" అంటాడు. మీ జన్మలో కౌంటరు అవతలి మనిషి ఈ మాట అనగా విన్నారా? విన్నవాళ్లు చేతులెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. మనం విన్నవి వేరు. "చిల్లర తెచ్చుకోవాలని తెలీదా?" "ఈ కౌంటరు కాదు, ఆ పక్క." "భోజనానికి పోయినాడు, మూడుకు రా." గైడులోని బ్యాంకు మేనేజరైతే ఇంకా దేవుడు. కుర్చీ చూపిస్తాడు, అప్పు ఇస్తాడు, చివర్లో తనే థాంక్స్ చెబుతాడు. నిజం బ్యాంకుకు పోతే ఏముంది? "సర్వర్ డౌన్." ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు హిందీలో ఏదో అడుగుతాడు. పలమనేరు రైతు తెలుగులో ఏదో చెబుతాడు. ఇంగ్లీషు డైలాగు బట్టీ పట్టిన రైతు కొడుకు మధ్యలో నిలబడి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తాడు. వాడికొచ్చిన డైలాగు అక్కడెవరూ మొదలుపెట్టరు మరి!

ఇక వొకాబులరీ. ఒక మాటకు ఒక అర్థం, పది మాటలకు ఒకే మాట. పిల్లల నోట్సు తిరగేశాను. రాజును చంపితే రెజిసైడ్. తండ్రిని చంపితే ప్యాట్రిసైడ్. అన్నదమ్ముణ్ణి చంపితే ఫ్రాట్రిసైడ్. భార్యను చంపితే అక్సోరిసైడ్. బాబోయ్, ఇది ఇంగ్లీషు నోట్సా, పోలీస్ స్టేషన్ రికార్డా? డిగ్రీ చదివే పిల్లవాడికి హత్యల్లో ఇన్ని రకాలు ఎందుకయ్యా? రాజులు పోయి ఎన్నాళ్లయింది? రాజును చంపడానికి ఇంగ్లీషు మాట తెలిసిన పిల్లవాడికి ఒక్క చిన్న వాక్యం రాదు. "ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ప్రభుత్వం ఇవ్వకపోతే నా సర్టిఫికెట్ మీరెందుకు ఆపుకున్నారు?" ఈ వాక్యం ఏ గైడులోనూ లేదు. ఏ పరీక్షలోనూ రాదు. కానీ డిగ్రీ అయిపోయిన రోజు కాలేజీ ఆఫీసు కిటికీ ముందు ఎంతమందికి కావలసిన వాక్యం ఇదే!

ఇంగ్లీషులో రాదు సరే. తెలుగులో అడగగలడా? అడగలేడు. అడిగితే ఇంటర్నల్ మార్కులున్నాయి. హాజరు పట్టీ ఉంది. కండక్ట్ సర్టిఫికెట్ ఉంది. ఆ ఇంటర్నల్స్ ఎలా పడతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. చేతులు కట్టుకున్నవాడికి ఎక్కువ, నోరు విప్పినవాడికి తక్కువ. సంభాషణా నైపుణ్యంలో కూడా అంతే.

ఇక ల్యాంగ్వేజ్ ల్యాబు. ఇదింకా పవిత్రమైన చోటు. మా జిల్లాలోనే ఒక కాలేజీలో చూశాను, పేరొద్దు. గదికి తాళం. కిటికీలోంచి తొంగి చూస్తే ముప్పై కంప్యూటర్లు. ముప్పై హెడ్‌ఫోన్లు, ఒక్కోదానికీ ప్లాస్టిక్ తొడుగు. కొత్త పెళ్లికూతుళ్లలా ముసుగేసుకుని కూర్చున్నాయి. తాళం ఎప్పుడు తీస్తారని అడిగాను. అటెండరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "న్యాక్ వాళ్లు వచ్చినప్పుడు సార్!" అన్నాడు. కాలేజీలకు గ్రేడు వేసే సంస్థ వాళ్లన్నమాట. ఆ రోజు తొడుగులు తీస్తారు. చక్కగా మాట్లాడే నలుగుర్ని ఏరి ముందు వరుసలో కూర్చోబెడతారు. మిగతావాళ్లకు సెలవు. గ్రేడు వస్తుంది. తొడుగులు మళ్లీ పడతాయి. గేటు ముందు ఫ్లెక్సీ లేస్తుంది. తనిఖీకి వచ్చేవాళ్ల సంగతి చెప్పాలా? 2025 ఫిబ్రవరిలో న్యాక్ బృందం సభ్యులనే లంచం కేసులో సీబీఐ అరెస్టు చేసిన రాష్ట్రం మనది. సీబీఐ ఆరోపణే నిజమైతే, అక్కడ మాత్రం సంభాషణ ఏ గైడూ లేకుండానే సాగి ఉంటుంది.

మేష్టార్లను తిడదామా? తిట్టడం తేలికే. కానీ చాలాచోట్ల ఇంగ్లీషు మేష్టారు గెస్టు లెక్చరరు. గంటల లెక్కన డబ్బులు. అవి నెలనెలా రావు. క్లాసులో అరవై డెబ్భై మంది. పీరియడు యాభై నిమిషాలు. హాజరుకు పది పోతే ఒక్కొక్కడి వాటాకు నిమిషం కంటే తక్కువ. ఆ కాస్తలో మనిషి చేత ఏం మాట్లాడిస్తారు? "ప్రెజెంట్ సార్" అనిపించవచ్చు. అనిపిస్తున్నారు. ఆ ఒక్క ఇంగ్లీషు డైలాగూ మన పిల్లలు అనర్గళంగా చెబుతారు, పక్కవాడి తరఫున కూడా.

ప్రభుత్వాలు చూస్తూ ఊరుకున్నాయా? అబ్బే! 2019 నవంబరులో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీషు మీడియమే అన్నారు. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసింది. 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మీడియమే అన్నారు. ఇంటరు దాకా తెలుగులో చదివిన పిల్ల, జూన్‌లో కళ్లు తెరిచేసరికి ఎకనామిక్స్ ఇంగ్లీషులో. మధ్యలో వంతెన ఏది? వంతెన లేదు, శిలాఫలకం ఉంది. 2023లో అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని మూడో తరగతి పిల్లకాయలకు టోఫెల్ అన్నారు. పొద్దున బడికి వచ్చే ముందు ఆవును మేతకు తోలి వచ్చే పిల్లాడికి టోఫెల్! 2024లో ప్రభుత్వం మారింది. టోఫెల్ అటకెక్కింది. ఒకాయన తెచ్చానని పొంగిపోయాడు, ఇంకొకాయన తీసేశానని పొంగిపోయాడు. పిల్లాడికి తెచ్చినప్పుడూ ఇంగ్లీషు రాలేదు, తీసేసినప్పుడూ పోలేదు. లేనిది ఎట్లా పోతుంది?

ఇటు ఇంగ్లీషు భక్తులు ఇట్లా ఉంటే, అటు తెలుగు వీరులు తక్కువ తిన్నారా? ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం రాగానే పట్టుపంచె కడతారు. గిడుగు వారి పటానికి దండ వేస్తారు. మైకు పట్టుకుని అమ్మభాష అంతరిస్తోందని కన్నీళ్లు పెడతారు. కిందకు దిగి కారెక్కి, మనవడితో ఫోన్లో "హాయ్ బేబీ, హౌ వాజ్ స్కూల్?" అంటారు. ఆ మనవడు చదివేది ఏ సర్కారు బడి? ఏ జిల్లా? ఏ దేశం? అడక్కండి. అడగడం మన సిలబస్‌లో లేదు.

పోనీ ఈ గడ్డకు ఇంగ్లీషు కొత్తా? చిత్తూరు పక్కనే కట్టమంచి. అక్కణ్ణుంచి బయల్దేరిన రామలింగారెడ్డి కేంబ్రిడ్జి వెళ్లి, అక్కడి విద్యార్థుల వాదోపవాద సభకు ఉపాధ్యక్షుడయ్యాడు. గైడు చదివి కాదు. దొరల మధ్య లేచి నిలబడి వాదించి. అదే మనిషి తెలుగులో కవిత్వతత్త్వవిచారం రాసి పండితుల నిద్ర చెడగొట్టాడు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. తిరుపతి మిషన్ బడిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డులో పాఠం చెప్పాడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కాలేజీకి వచ్చాడు. నలుగురూ కూర్చున్న చోట తన పాట పాడి వినిపించాడు. అక్కడే ఉండి జనగణమనను తన చేత్తో ఇంగ్లీషులోకి మార్చాడు. ఆ కాలేజీ పిల్లలు ఆ పాట నేర్చుకుని పాడారు. చెవితో విన్నారు, నోటితో పాడారు. నూరేళ్ల కిందట మదనపల్లెలో భాష నేర్చే పద్ధతి అది. నూరేళ్ల తర్వాత మనం కనిపెట్టిన పద్ధతి ఏమిటి? జనగణమన అనువాదం ఎక్కడ జరిగింది? ఏ) బెంగుళూరు, బి) మదనపల్లె, సి) మద్రాసు, డి) పైవేవీ కావు.

ఇంగ్లీషు ఎలా నేర్పాలో పంతుళ్లకు నేర్పడానికే హైదరాబాదులో 1958లో కేంద్రం ఒక సంస్థ పెట్టింది. ఇప్పుడది ఇఫ్లూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం. తిరుపతి నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అక్కడ దిగొచ్చు. ఆ విద్య మాత్రం 1958లో బస్సెక్కింది, ఇంకా దారిలోనే ఉంది.

సరే, పెద్ద పెద్ద పేర్లు వదిలేద్దాం. మొన్న అలిపిరి దగ్గర కొండకు పోయే జీపు ఎక్కాను. డ్రైవరుకు యాభై ఏళ్లుంటాయి. ఐదో తరగతిలో బడి మానేశాడట. సేలం నుంచి వచ్చిన కుటుంబంతో అరవం మాట్లాడాడు. కోలారు వాళ్లతో కన్నడం. షోలాపూర్ ముసలాయనతో హిందీ. మలేషియా నుంచి వచ్చిన దంపతులతో ఇంగ్లీషు. "వన్ అవర్ వెయిటింగ్ సార్. నో ఎక్స్‌ట్రా. రిటర్న్ సేమ్ జీప్. ఓకే?" క్రియ లేదు, కర్త లేదు. బేరం మాత్రం కుదిరింది. ముందు సీట్లో ఆయన కొడుకు. డిగ్రీ మూడో ఏడు. కన్వర్సేషనల్ స్కిల్స్‌లో మంచి గ్రేడే వచ్చిందని చెప్పాడు. పైకి చేరాక ఆ మలేషియా ఆయన పిల్లవాడి వైపు తిరిగి, చెప్పులు ఎక్కడ వదలాలని ఇంగ్లీషులో అడిగాడు. చిన్న ప్రశ్న. పిల్లవాడు బిగుసుకుపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. మెల్లగా తండ్రి భుజం తట్టాడు.

"నాయనా, ఈయనేందో అడగతా ఉండాడు."

"షూ ఇన్‌సైడ్ జీప్ కీప్ సార్. సేఫ్!" అన్నాడు తండ్రి, అద్దం తుడుస్తూనే. వాళ్లు వెళ్లాక కొడుకు వైపు తిరిగాడు.

"మాట్లాడేదానికి పరీక్ష రాస్తివి గదరా?"

"అది బ్యాంకు మేనేజరు డైలాగు నాయనా. చెప్పుల డైలాగు సిలబస్‌లో లేదు."

తండ్రి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. పిల్లవాడు నవ్వలేదు. మూడేళ్లు, మూడు పుస్తకాలు, అప్పు చేసి కట్టిన ఫీజు, చివరికి ఒక చెప్పుల జత దగ్గర బోర్లా పడ్డాయి. వాడెందుకు నవ్వుతాడు?

తండ్రికి వచ్చి కొడుక్కు ఎందుకు రాలేదు? తండ్రి నోటికి పని ఉంది. జీపు కిస్తీ ఆ నోటి మీద నడుస్తోంది. బేరమాడే హక్కు ఉంది. తప్పు మాట్లాడితే మార్కులు కోసేవాడు లేడు, నవ్వితే తిరిగి నవ్వగలడు. కొడుకు నోటికి ఏ పనీ పెట్టలేదు మనం. చిన్నప్పుడు "క్లాసులో మాట్లాడొద్దు". ఇంట్లో "పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే నీకెందుకు". కాలేజీలో "ప్రశ్నలడిగితే టీసీ". ఇరవై ఏళ్లు నోరు కుట్టేసి, చివర్లో కంపెనీ వాడు వచ్చి "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనగానే కుట్లు వాటంతటవే ఊడాలట! ఊడవు. "మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్, మై వీక్‌నెస్ ఈజ్ ఆల్సో హార్డ్ వర్క్" అని గైడులో ఉన్నదే వస్తుంది. మరునాడు పేపర్లో పెద్దలు నిట్టూరుస్తారు. "మన గ్రాడ్యుయేట్లలో కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు." ఎవరు మింగేశారయ్యా వాటిని?

ఇదంతా చేతకానితనం అనుకునేరు. కాదు. ఇది చాలామందికి బాగా కలిసొచ్చే ఏర్పాటు. గైడు అమ్మేవాడికి బట్టీ కావాలి. స్పోకెన్ ఇంగ్లీషు కోచింగు వాడికి కాలేజీలో మాటలు రాకపోవడం కావాలి. లేకపోతే ముప్పై రోజుల్లో ఇంగ్లీషు ఎవడికి అమ్ముతాడు? యూనివర్సిటీకి దిద్దడానికి తేలికైన పేపరు కావాలి. యాజమాన్యానికి నోరులేని పిల్లలు కావాలి. అందుకే గైడులోని డైలాగులన్నీ "థాంక్యూ సర్"తో ముగుస్తాయి, గమనించారా? ఒక్కదాంట్లోనైనా ఖాతాదారు ఎదురు తిరిగాడా? ఒక్క విద్యార్థి "ఎందుకు?" అన్నాడా? మాట నిజంగా వచ్చిందనుకోండి, అది ఇంగ్లీషు దగ్గర ఆగుతుందా? ఫీజు లెక్క అడుగుతుంది. ల్యాబు తాళం అడుగుతుంది. మీ మనవడి బడి పేరు అడుగుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. ఊరు మంచిదైతే మరి వీళ్లు ఏం కావాలి?

అందుకని ఈసారి ప్రశ్నపత్రం మనమే ఇద్దాం. రాసేది పిల్లలు కారు.

ఒకటి. మార్కుల జాబితా మీద సంతకం పెట్టిన పెద్దమనిషికీ, చెప్పుల దగ్గర బిగుసుకుపోయిన పిల్లవాడికీ మధ్య సంభాషణ. రెండు పాత్రలూ మీరే వేయకూడదు. పిల్లవాడు ఎదురుగా కూర్చుంటాడు.

రెండు. టోఫెల్ తెచ్చినాయనకూ తీసేసినాయనకూ మధ్య సంభాషణ. ఎదుటివాణ్ణి తిట్టకుండా ఐదు వాక్యాలు. తిడితే ఆ వాక్యానికి మార్కులు లేవు.

మూడు. ప్లాస్టిక్ తొడుగు వేసిన హెడ్‌ఫోనుకూ ప్రిన్సిపాలు గారికీ మధ్య సంభాషణ. హెడ్‌ఫోను వైపు మాటలు మేమిస్తాం, చాలా ఉన్నాయి.

నాలుగు. సర్టిఫికెట్ కోసం కిటికీ ముందు నిలబడ్డ అమ్మాయికి సమాధానం చెప్పండి. "రేపు రా" అన్న మాట వాడరాదు.

సమయం మూడు గంటలు. గైడు నిషేధం. అన్నిటికీ నోటితోనే జవాబు. ఏ భాషలోనైనా సరే, తెలుగైనా, ఇంగ్లీషైనా, ఆ జీపు డ్రైవరు భాషైనా. ఇన్విజిలేటరుగా ఆయన్నే పెడదాం. ఆయన చూపుడువేలు ఎత్తి చెప్పాల్సింది ఒక్కటే మాట.

మాట్లాడకపోతే డిబార్!